సెలా

సెలా: బైబిలు పాత నిబంధనలో, ముఖ్యంగా కీర్తనల గ్రంథంలో, చరణాల చివర కనిపించే హీబ్రూ మాట. సామెఖ్, లామెద్, హే అనే మూడు అక్షరాలతో రాస్తారు. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకు ప్రవచనం మూడో అధ్యాయంలో 3 సార్లు, వెరసి 74 సార్లు వస్తుంది. బైబిల్లో మరెక్కడా లేదు. ఇది ఏ వాక్యంలోనూ భాగం కాదు. ముందు మాటకు గానీ వెనక మాటకు గానీ వ్యాకరణపరంగా అతకదు. తెలుగు బైబిలు దీన్ని అనువదించకుండా కుండలీకరణాల్లో ‘సెలా’ అనే ఉంచింది.

దీని అర్థం మీద పండితుల మధ్య ఏకాభిప్రాయం ఎన్నడూ కుదరలేదు. తెలుగు క్రైస్తవుల వాడుకలో మాత్రం ‘ఆగి ధ్యానించు’ అన్న అర్థం స్థిరపడిపోయింది. ప్రసంగాల్లో, ధ్యాన పుస్తకాల్లో అదే వినిపిస్తుంది. ఇందులో నిఘంటువు చెప్పేదెంత, భక్తి సంప్రదాయం చేర్చిందెంత అన్నది విడదీసి చూడవలసిన విషయం. తెలుగులో ఆ పని చేయబోయేవారికి విశాఖపట్నం తప్పకుండా ఎదురవుతుంది. బైబిలు భాగాలను తెలుగు చేసి అచ్చుదాకా చేర్చిన తొలి ప్రయత్నం ఈ ఊళ్లోనే మొదలైంది.

ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు

కీర్తనల గ్రంథానికి ఐదు భాగాలు. మొదటి భాగంలో 9 కీర్తనల్లో 17 సార్లు, రెండో భాగంలో 17 కీర్తనల్లో 30 సార్లు, మూడో భాగంలో 11 కీర్తనల్లో 20 సార్లు సెలా ఉంది. నాలుగో భాగంలో ఒక్కటీ లేదు. ఐదో భాగంలో 140, 143 కీర్తనల్లో కలిపి నాలుగు. అందరికీ కంఠస్థమైన 23వ కీర్తనలో లేదు, 176 వచనాల 119లో లేదు, గ్రంథం చివరి స్తుతి కీర్తనలు 146–150లోనూ లేదు. దావీదు, ఆసాపు, కోరహు కుమారుల పేర్లతో ఉన్న పాత సంపుటాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

సెలా ఉన్న 39 కీర్తనల్లో 31 కీర్తనలకు ‘ప్రధానగాయకునికి’ అనే శీర్షిక ఉంది. హబక్కూకు మూడో అధ్యాయం కూడా అలాంటి సూచనతోనే ముగుస్తుంది. అర్థం కోసం వెతికేవారికి ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి లేదు. భక్తుడికి చెప్పిన మాట కాదిది, పాడేవాళ్లకో వాయించేవాళ్లకో రాసిన సూచన అనడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఎలాంటి సూచన అన్నదగ్గరే చిక్కు. 46వ కీర్తనలో 3, 7, 11 వచనాల చివర, దాదాపు సమానమైన మూడు ఖండాలకు ముగింపుగా వస్తుంది. దీన్ని బట్టి సెలా అంటే ఖండానికి చివర గుర్తు అనుకోవచ్చు. కానీ 55వ కీర్తన 19వ వచనంలో, 57వ కీర్తన 3వ వచనంలో, హబక్కూకులో రెండు చోట్ల వాక్యం నడుమ వచ్చి కూర్చుంటుంది. 3, 24, 46 కీర్తనల్లో పాట పూర్తిగా అయిపోయాక కూడా వస్తుంది. పాటే అయిపోయాక విరామం ఎవరికోసం? గ్రీకు అనువాదంలో ఆ మూడు చోట్లా చివరి సెలా లేదు. పైగా హీబ్రూలో లేని చోట, 2వ కీర్తన రెండో వచనం తరవాత, ఆ అనువాదంలో ఒకటి కనిపిస్తుంది.

అర్థం కోసం వెతుకులాట

క్రీస్తుకు ముందే అలెగ్జాండ్రియా యూదులు కీర్తనల్ని గ్రీకులోకి తెచ్చినప్పుడు సెలాకు ‘దియాప్సల్మా’ అనే మాట వాడారు. పాట నడుమ వచ్చే వాద్యమనో, విరామమనో దానికి అర్థం చెబుతారు. అరామిక్ అనువాదమైన తార్గూము మరో దారి పట్టి, ‘ఎల్లప్పుడు’ అనే అర్థం ఇచ్చింది. యూదు అనువాదకుడు అకీలా అదే అన్నాడు. లాటిన్ బైబిలుకర్త జెరోము హీబ్రూ నుంచి నేరుగా చేసిన కీర్తనల అనువాదంలో ‘సెంపెర్’, అంటే ‘ఎప్పుడూ’, అని రాశాడు. ఈ మాట గురించి రోమా నగరవాసి మార్సెల్లాకు ఆయన ఒక ఉత్తరమే రాశాడు. యూదు గురువుల బోధల సంకలనమైన తాల్మూదులో కూడా, సెలా అన్నచోట చెప్పిన విషయానికి ముగింపు ఉండదని ఒక గురువు పేరిట బోధ ఉంది.

మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతల్లో ఇబ్న్ ఎజ్రా దీన్ని ‘ఆమేన్’ లాంటి ఒప్పుదలగా చూశాడు. దావీదు కింహీ గొంతు పైకెత్తమనే సూచన అన్నాడు. కింహీ మాటకు ధాతువు ఆధారం ఉంది. ‘సాలల్’ అంటే ఎత్తు చేయడం, మన్ను పోసి బాట వేయడం. రాజబాటకు హీబ్రూ మాట ‘మెసిల్లా’ దాన్నుంచే పుట్టింది. గొంతో, వాద్యమో, చేతులో, ఏదో ఒకటి పైకెత్తమని అర్థం కావచ్చు. ఇరవయ్యో శతాబ్దపు నార్వే పండితుడు మోవింకెల్ దీనికి సరిగ్గా తలకిందులుగా, వంగి సాష్టాంగపడమనే సూచన అన్నాడు.

‘తూచి చూడు’ అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. ఇదే మూడక్షరాల ధాతువు యోబు 28వ అధ్యాయంలో వస్తుంది, జ్ఞానాన్ని ఓఫీరు బంగారంతో సరితూచలేమని చెప్పే సందర్భంలో. దాన్ని పట్టుకుని ‘చెప్పినదాన్ని మనసులో తూచుకో’ అని వివరిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఇవే అక్షరాలు 119వ కీర్తన 118వ వచనంలో ‘తోసివేయడం’ అనే అర్థంలో వచ్చాయి. నచ్చిన ధాతువును ఏరుకుని అర్థం కట్టే పద్ధతితో ‘తోసిపారెయ్’ అని కూడా బోధించవచ్చు. ఎవరూ అలా బోధించరు కదా.

ఎదోము దేశపు ‘సెల’ పట్టణంతో దీనికి చుట్టరికం లేదు. ఆ మాటకు బండ అని అర్థం, చివరి అక్షరం వేరు. మన సెలయేటితో, శిలతో అసలే లేదు.

ఆలయంలో పాట ఎలా సాగేదో చెప్పే ఒక పాత సాక్ష్యం మాత్రం ఈ వాదనలన్నిటికంటే పనికొస్తుంది. యూదుల ప్రాచీన ధర్మ సంకలనమైన మిష్నాలోని ‘తామీద్’ అనే భాగంలో చివరి అధ్యాయం యెరూషలేము ఆలయంలో రోజువారీ బలి తరవాతి కీర్తనను వర్ణిస్తుంది. ఆలయ గాయకులైన లేవీయులు పాడుతూ ఒక ఖండం చివర ఆగేవారు, బూర ఊదేవారు, జనం సాగిలపడేవారు. మళ్లీ పాట, మళ్లీ విరామం. అందులో సెలా అనే మాట లేదు. అయినా పాట ఆగడం, వాద్యం లేవడం, జనం వంగడం ఒకే క్షణంలో జరిగేవని తెలుస్తుంది. విరామమనేవారు, పైకెత్తడమనేవారు, సాష్టాంగమనేవారు ఒకే ఘట్టాన్ని మూడు వైపుల నుంచి చూస్తున్నారేమో. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని పడగొట్టారు. దానితో ఆలయ గాయకుల పద్ధతులూ పోయాయి. కాగితం మీద గుర్తు మిగిలింది, దాన్ని చదవగల మేళం మిగల్లేదు.

విశాఖ మీదుగా తెలుగులోకి

జర్మనీలోని హాలే మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1727లో కొత్త నిబంధనను, 1732లో బైబిలంతటినీ తెలుగు చేశాడు. అవి అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఆ ఇద్దరూ బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాక అనువాదం ఊపందుకుంది. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరాంపూర్ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. ఇద్దరిలో ఎవరూ ఆ అచ్చు పుస్తకాన్ని చూడలేదు.

సువార్తల్లో సెలా రాదు. కీర్తనల పని తరవాతి వారిది. విశాఖ కేంద్రంలోనే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధనను, జాన్ గోర్డన్ పాత నిబంధన భాగాలను పట్టుకున్నారు. 1840లో వచ్చిన జాన్ హే దశాబ్దాల పాటు ఇక్కడే ఉండి తెలుగు పాఠాన్ని సరిదిద్దే పనిలో గడిపాడు. ఈ చేతులన్నీ మారి వచ్చిన తెలుగు బైబిల్లో హీబ్రూ మాటల పట్ల ఒక తేడా కనిపిస్తుంది. ‘హల్లెలూయా’ అంటే ఏమిటో అనువాదకులకు తెలుసు, అందుకే కీర్తనల్లో దాన్ని యెహోవాను స్తుతించమనే తెలుగు మాటగా మార్చేశారు. ఆరాధనలో అంతగా వినిపించే ‘హల్లెలూయా’ తెలుగు కీర్తనల పాఠంలో కనిపించదు! సెలా అంటే ఏమిటో నిశ్చయంగా తెలియదు, కాబట్టి దాన్ని అలాగే ఉంచారు. తొమ్మిదో కీర్తనలో దీనికి ముందు వచ్చే మరో హీబ్రూ మాట ‘హిగ్గాయోన్’కూ అదే మర్యాద దక్కింది. తెలియనిదానికి తెలుగు కల్పించకపోవడం ఆ అనువాదకుల నిజాయితీ. లూథర్ జర్మన్ బైబిలూ, 1611 నాటి ఇంగ్లీషు బైబిలూ అంతకుముందే ఇదే దారిలో నడిచాయి.

విశాఖలోని ఉక్కునగరం, గాజువాక వంటి చోట్ల ఇరుగుపొరుగు ఇళ్లలో తెలుగు, తమిళ, మలయాళ, హిందీ బైబిళ్లు ఉంటాయి. ప్రొటెస్టంటు అనువాదాలైతే నాలుగింటిలోనూ ఈ మాట అక్షరాలు మారి అదే ధ్వనితో కనిపిస్తుంది. కథోలికుల చరిత్ర వేరు. వాళ్ల ఆరాధనలో శతాబ్దాల పాటు వాడిన లాటిన్ కీర్తనల పాఠంలో ఈ గుర్తు మిగల్లేదు. రెండో వాటికన్ మహాసభ (1962–65) దాకా లాటిన్‌లో పూజ జరిగిన రోజుల్లో, విశాఖ పాతనగరం రాస్ హిల్ మీది మేరీమాత గుడిలో సెలా వినిపించే అవకాశమే లేదు.

చదివేటప్పుడు ఏం చేయాలి? సంఘంలో కీర్తన చదువుతూ సెలా రాగానే కొందరు గట్టిగా పలుకుతారు, కొందరు దాటేస్తారు. దాటేసేవారికి తెలుగు పాటల పుస్తకమే సమర్థన. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట అచ్చయి ఉంటుంది. అది పాటలో భాగం కాదు, పల్లవి మళ్లీ ఎత్తుకోమని పాడేవాళ్లకు గుర్తు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు పాడుతూ పెరిగిన వాళ్లకు ఆ గీతల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ తెలుగు పాట అనేదే తెలియని జాతి రెండు వేల ఏళ్ల తరవాత ఆ పుస్తకం తవ్వి తీస్తే, ప్రతి చరణం చివరా ఈ ఒంటరి మాట ఏమిటని తలపట్టుకుంటుంది. సెలా విషయంలో మనదీ ఇంచుమించు అదే స్థితి. ఈ పోలికకు సరిగ్గా సరిపోయే సిద్ధాంతం ఒకటి హీబ్రూ పండితుల్లోనూ ఉంది: మూడక్షరాలూ మూడు మాటల పొడి రూపమని, గాయకుడా మొదటికి మళ్లు అని వాటి భావమని. చక్కగా అతికినట్టున్నా, సెలా వచ్చే చాలా చోట్ల మొదటికి మళ్లితే పాట అర్థమే చెడుతుంది. ఆ కాలంలో హీబ్రూలో అలా పొడి అక్షరాలు వాడారనడానికీ ఆధారం లేదు. అందుకే దాన్ని ఎక్కువమంది ఒప్పుకోరు.

ఆధ్యాత్మిక అర్థం

గాయకుల సూచన అయినంత మాత్రాన ఆధ్యాత్మిక అర్థం లేదని కాదు. నాలుగో శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ కీర్తనల శీర్షికల మీద రాసిన గ్రంథంలో దియాప్సల్మాను చర్చించాడు. పాడుతున్న ప్రవక్తకు ఉన్నట్టుండి లోపల ఆత్మ ఏదో బోధిస్తుంది. దానికి చెవి ఒగ్గడం కోసం పాట కాసేపు ఆగుతుంది. ఆ ఆగడమే ఈ గుర్తు అని ఆయన వివరణ. ‘ఆగి ధ్యానించు’ అనే నేటి బోధకు మూలపురుషుడు ఒకరకంగా గ్రెగొరీయే. ఒక తేడా ఉంది. ఆయన లెక్కలో ఆగేది పాడేవాడు, దేవుడి మాట వినడానికి. ఇప్పటి బోధలో ఆగేది చదివేవాడు, తాను ఆలోచించుకోవడానికి. ఈ రెండో అర్థానికి ఇరవయ్యో శతాబ్దంలో బాగా ప్రచారం తెచ్చింది 1965లో పూర్తి రూపంలో వచ్చిన ఇంగ్లీషు ‘యాంప్లిఫైడ్ బైబిలు’. అది ప్రతి సెలా పక్కనా, ఆగి నెమ్మదిగా ఆలోచించమనే వివరణను మూల పాఠంలోనే చేర్చింది.

ఆ వివరణ నిఘంటువు అర్థంగా నిలవదు. చదివే పద్ధతిగా మాత్రం నిలుస్తుంది. సెలాలు పడిన చోట్లు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

32వ కీర్తన పాపాన్ని ఒప్పుకోవడం గురించి. మొదటి సెలా నాలుగో వచనం చివర: తప్పు దాచుకున్నవాడు ఎండకు సారం ఇంకినట్టు ఎండిపోయాడు. అక్కడ పాట ఆగుతుంది. మరుసటి వచనంలోనే ఒప్పుకోలు, ఆ వెంటనే క్షమాపణ, మళ్లీ సెలా. ఏడో వచనంలో దేవుడే దాగుచోటు అంటాడు, మూడో సెలా. దాచుకున్నవాడు చివరికి తానే దేవుడిలో దాగుతాడు. మూడు సెలాలూ తీసేసి చదివితే ఈ మలుపులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య ఎంత కాలం గడిచిందో కీర్తనకారుడు చెప్పలేదు. ఆ వ్యవధి అంతా సెలాలోనే ఉంది.

89వ కీర్తన ఇంకా కఠినం. ఏతాను పేరిట ఉన్న ఈ దీర్ఘ కీర్తనలో సెలా నాలుగుసార్లు వస్తుంది: 4, 37, 45, 48 వచనాల్లో. మొదటి రెండూ దావీదు సింహాసనం ఎప్పటికీ నిలుస్తుందన్న వాగ్దానం తరవాత. మూడోది ఆ రాజు సిగ్గుపాలయ్యాడన్న మాట తరవాత, నాలుగోది చావు తప్పించుకునే నరుడెవడన్న ప్రశ్న తరవాత. వాగ్దానం దగ్గర ఆగినంత సేపే అది కూలిన చోట కూడా పాట ఆగుతుంది. ‘ఎప్పటికీ’ అన్న తార్గూము అర్థం మొదటి రెండు చోట్ల ఎంత బాగా అమరుతుందో, మూడోచోట అంత క్రూరంగా వినిపిస్తుంది. ఈ కీర్తనను కేవలం జయధ్వనిగా బోధించేవారు సాధారణంగా 37వ వచనం దగ్గరే పుస్తకం మూసేస్తారు.

46వ కీర్తనకు విశాఖలో వేరే బరువుంది. సముద్రం ఘోషించినా కొండలు కదిలి అందులో పడినా భయపడబోమని చెప్పే మొదటి ఖండం సెలాతో ముగుస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ నేరుగా నీళ్లలోకి దిగే ఊరు ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు గాలికి చెట్లు, కరెంటు స్తంభాలు, విమానాశ్రయం పైకప్పు ఎలా పోయాయో చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్లకు ఆ వచనం ఉపమానంగా వినిపించదు. మూడో వచనం తరవాత పాట ఆగి, నాలుగో వచనంలో హఠాత్తుగా ఒక నది, దాని కాలువలు, నెమ్మదిగా ఉన్న ఒక పట్టణం కనిపిస్తాయి. ఘోషకూ నెమ్మదికీ మధ్య మాటల్లో వంతెన లేదు, సెలా ఒక్కటే ఉంది. ఊరకుండమనే ప్రసిద్ధ వచనం కూడా ఈ కీర్తనలోనిదే కావడంతో, సెలా అంటే మౌనమనే భావన బలపడింది. అయితే ఆ మాట పదో వచనంలో ఉంది, సెలా పదకొండో వచనంలో. రెంటినీ కలిపింది బోధకులే.

ఆలయంలో ఆ క్షణం మౌనంగా ఉండేదన్నది కూడా అనుమానమే. మిష్నా వర్ణన నిజమైతే అక్కడ బూరలు మోగేవి, వేలమంది నేలకు వంగేవారు. మనం మౌనంతో నింపుతున్న ఆ ఖాళీని లేవీయులు మోతతో నింపారు.

నేటి వాడుక

యూదుల నోట ఈ మాట ఇంకా బతికే ఉంది. రోజూ మూడు పూటలా చేసే ‘అమీదా’ ప్రార్థనలో మూడో ఆశీర్వచనం ఈ మాటను పలుకుతుంది, అక్కడ ‘ఎల్లప్పుడు’ అనే అర్థంలోనే. ఏదైనా శుభం కోరినప్పుడు ‘ఆమేన్ సెలా’ అనడం హీబ్రూ వాడుకలో ఉంది. తెలుగు నేల మీద ఆ ప్రార్థనా సంప్రదాయాన్ని పట్టుకున్నవారు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిం సమాజం. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకునే ఈ తెలుగు కుటుంబాలు 1991లో అక్కడ సినగాగు కట్టుకున్నాయి. జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతం భక్తులు కూడా ప్రార్థనల చివర సెలా అంటారు.

క్రైస్తవ వేదాంత విద్యార్థులకు హీబ్రూ నేర్పే సంస్థలు తెలుగునాట కొద్ది. 1964లో రాజమండ్రిలో మొదలై తరవాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ వాటిలో ముఖ్యమైనది. హీబ్రూ చదవని బోధకుడికి ఇంగ్లీషు వివరణలే దిక్కు. ఆ ఇంగ్లీషులోనూ ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. విరివిగా అమ్ముడయ్యే ‘న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్’ 2011 కూర్పులో సెలాను పాఠం నుంచి తీసి అడుగు గమనికల్లోకి దించింది. పాడేవాళ్ల సూచన చదివేవాళ్లకెందుకని వాదన. తెలుగు పాత అనువాదం దాన్ని ఇంకా కదిలించలేదు. సెలా ఇప్పటికీ వచనం చివర, కుండలీకరణాల్లోనే ఉంది.